చాటున ఆరిన బట్టలు



పోయిన ఏడాది గుమ్మడికాయ వడియాల గురించి వ్రాసినప్పుడు చాలా ఉత్తరాలు వచ్చాయి. హోసూరు నుంచి ఒక అమ్మ, వడియాల పిండిలో ఇంగువ వెయ్యమని చెప్పనందుకు నాతో దెబ్బలాడింది కూడా. ఆ ఉత్తరాల మధ్యలో ఒక కవరు ఉంది. వ్రాసినవారి పేరు లేదు, ఊరు మాత్రం బరంపురం అని ఉంది. లోపల నాలుగే వాక్యాలు. చెప్పుకోలేని చోట మూడేళ్ళుగా దురద అట. మందు రాస్తే పోతుంది, మానితే వస్తుందట. డాక్టరుకు చూపించుకోవాలంటే సిగ్గు అట. వంటలూ పండుగలూ వ్రాస్తారు గదా, దీని గురించి కూడా ఒకసారి వ్రాయగూడదా అని అడిగారు.

ఆ ఉత్తరం చదివి, మడిచి, బియ్యం డబ్బా వెనక దాచాను. రెండు సంచికలు గడిచిపోయాయి. ఒకసారి సంక్రాంతి గొబ్బెమ్మల గురించి వ్రాశాను, ఒకసారి పాత ఇత్తడి సామాను తోమడం గురించి వ్రాశాను. ఆ ఉత్తరం మాత్రం డబ్బా వెనకే ఉండిపోయింది. అది ఎవరో పరాయి ఆవిడ వ్రాసినట్టు లేదు, నా ఉత్తరం నాకే తిరిగి వచ్చినట్టు ఉంది. అందువల్లనే దాచాను.

చివరికి సంపాదకులు గారికి ఫోను చేసి, ఈసారి కొంచెం సిగ్గుపడే సంగతి వ్రాస్తాను, వేస్తారా అని అడిగాను. ఆయన ఒక క్షణం ఆగి, "వ్రాయండమ్మా, మా ఇంట్లో కూడా పనికొస్తుంది" అన్నారు. ఆ మాటతో సగం బరువు దిగింది. మిగతా సగం దించినది మా కోడలు. ఆమె అనుమతి లేకుండా ఇందులో ఒక్క ముక్క కూడా వ్రాయలేదు. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

నేను డాక్టరును కాను. షోలాపూరు తూర్పు పేటలో, తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చిన పద్మశాలి ఇంటి కోడలిని. అరవై దాటాయి. నాకు జరిగినది చెబుతాను. మధ్యలో మా చర్మవైద్యురాలు నాకు నేర్పినది చెబుతాను. అంతవరకే.

2016 ఎండాకాలం. మా ఊరి ఎండ ఎరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు, మే నెలలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు మామూలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు. నూలు తెగకుండా ఉండాలని షెడ్డులో తడి నిలబెడతారు, ఆ తడీ వేడీ కలిసి వంటగదిలోకి కూడా వస్తాయి. ఆ రోజుల్లో లంగా బొందు కట్టుకునే చోట మొదట చిన్న ఎర్రని మచ్చ కనిపించింది. బొందు ఒరుసుకుని కందిందేమో అనుకున్నాను. పది రోజులకు గజ్జల్లోకి దిగింది. గుండ్రంగా, చుట్టూ ఎర్రని గట్టులా అంచు, మధ్యలో కొంచెం నల్లబడి పొట్టు రాలుతూ ఉంది. పగలు పనిలో ఎలాగో మరచిపోవచ్చు. రాత్రి పక్క మీద చేరగానే మొదలయ్యేది. అటువంటి చోట గోక్కోవడం ఎవరు చూస్తారోనని దుప్పటి కప్పుకుని, ఆ చెమటకు ఇంకా ఎక్కువై, తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకున్న రాత్రులు ఎన్నో.

మా అమ్మమ్మ కాలంలో దీన్ని తామర అనేవారు. మెట్టతామర ఆకు నూరి, నిమ్మరసం కలిపి పట్టు వేసేవారు. మా పక్కింటి మరాఠీ ఆవిడ గజకర్ణ అంటుంది. మద్రాసులో ఉన్న మా ఆడపడుచు, అక్కడ పడర్‌తామరై అంటారని చెప్పింది. బెంగుళూరు వైపు హుళుకడ్డి. పేర్లు ఇన్ని ఉన్నాయంటే అన్ని ఊళ్ళలోనూ ఉందనే గదా! అయినా ఆనాడు నాకు మాత్రం లోకంలో ఈ బాధ నా ఒక్కదానికే ఉందనిపించింది.

ఎవరికీ చెప్పలేదు. మొదట వేపాకు నీళ్ళు, తరువాత పసుపు, తరువాత స్నానం నీళ్ళలో యాంటీసెప్టిక్ మందు. అది కాస్త ఎక్కువ పడి, రెండు రోజులు కాళ్ళు ఎడంగా వేసి నడిచాను. అడిగినవారికి మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. ఆఖరికి మావారికి చెప్పుకోక తప్పలేదు. ఆయన మెడికల్ షాపుకు వెళ్ళి నలుగురి ముందూ "దురదకు ఏమన్నా ఉంటే ఇయ్యి" అన్నారట. ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్ళుగా అని ఆ అబ్బాయి అడగలేదు, ఈయన చెప్పలేదు. ఒక ట్యూబు ఇచ్చాడు.

రెండో రోజుకు దురద చేత్తో తీసేసినట్టు పోయింది. అయిదో రోజుకు ఎరుపు కూడా పోయింది. ఆ ట్యూబును ఎంత భద్రంగా దాచుకున్నానో చెప్పలేను, నగల పెట్టెలో పెట్టాను. ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ పోయింది. ఈసారి పదిహేను రోజులే. అలా అలా, ట్యూబు ఎప్పుడు అయిపోతుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునేదాకా వచ్చింది. రెండేళ్ళలో ఎన్ని ట్యూబులు అయ్యాయో లెక్క లేదు. మచ్చ మాత్రం పెరిగింది. మొదటి చక్రం లోపల ఇంకో చక్రం, దాని పక్కన మరొకటి, తొడల మీదికి, వెనక్కి, నడుము చుట్టూ.

ఇప్పుడు అసలు సంగతి.

2018 దీపావళి ముందు మా కోడలు పుట్టింటికి వెళ్ళి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకు ఆమె నడుము మీద ఒక మచ్చ చూశాను. చీర మార్చుకుంటుంటే అనుకోకుండా కంటబడింది. చూడగానే గుర్తుపట్టాను, నాది నాకు తెలియదా! ఆ క్షణంలో నేను చేయవలసిన పని, "బిడ్డా, నాకూ ఉన్నది, ఇద్దరం డాక్టరుకాడికి పోదాం" అనడం. నేను అన్నది వేరు. "ఏం, మీ అమ్మగారింటికాడ అంటించుకొచ్చినవా?" అన్నాను. ఆ పిల్ల ముఖం నేను ఇప్పటికీ మరువలేదు. ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తన బట్టలు తానే విడిగా ఉతుక్కోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఆ మాట మా అబ్బాయి చెవిన కూడా పడనిచ్చాను.

నాలుగు నెలలకు మూడేళ్ళ మనవరాలికి పిరుదుల మీద వచ్చింది. ఇంట్లో ఉన్న ట్యూబు కొంచెం రాద్దామని నేనే మూత తీశాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, దానికి వద్దు. డాక్టరుకు చూపిస్తా" అంది. మరుసటి రోజు పిల్లను ఎత్తుకుని తానే బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను, పిల్ల కోసమే అన్నట్టు.

ఆ డాక్టరమ్మ మరాఠీ మనిషి, నలభై ఏళ్ళుంటాయి. పిల్లను చూసింది, తల్లిని చూసింది. "ఇంట్లో ఇంకెవరికి ఉంది?" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కోడలు నా వంక చూడలేదు, అదే నా మీద దయ. ఆమె నేల చూస్తూ కూర్చుంది. నేను మూడు నిమిషాలో, ముప్ఫై ఏళ్ళో తెలియదు, అలా ఉండి, "నాకు" అన్నాను. "ఎన్నాళ్ళ నుంచి కాకూ?" అంది. "మూడేళ్ళు కావస్తోంది." ఆవిడ కోప్పడలేదు. నర్సును పిలిచి, తెర లాగి, మంచం చూపించింది.

సిగ్గు గురించి ఒక్క మాట. నేను మూడేళ్ళు భయపడిన ఆ పరీక్ష మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పక్కన నర్సు నిలబడి ఉంది. అవసరమైన మేరకే చూసింది. ఆ రోజు ఉదయం నుంచి నా వంటి వాళ్ళను ఎంతమందిని చూసిందో, ఆవిడకు నా తొడలూ మా మనవరాలి మోచెయ్యీ ఒకటే.

మొండి బ్లేడుతో మచ్చ అంచున పొట్టు కొంచెం గీకి, గాజుపలక మీద వేసి, ఒక చుక్క మందు వేసింది. దాన్ని కె.ఓ.హెచ్. పరీక్ష అంటారట. కొంతసేపు ఆగి సూక్ష్మదర్శినిలో తాను చూసి, నన్నూ చూడమంది. చూశాను. పోగులు! సన్నని దారపు పోగులు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, కొమ్మలు వేసుకుంటూ. పడుగూ పేకా చూస్తూ పెరిగినదాన్ని, నా తోలు మీద ఎవరో మగ్గం వేసినట్టు కనిపించింది. అది ఒక రకం బూజు అని, చర్మం పైపొరలో, వెంట్రుకలో, గోరులో ఉండే కెరాటిన్ అనే పదార్థాన్ని తిని బ్రతుకుతుందని, చెమట నిలిచే మడతలంటే దానికి ఇష్టమని చెప్పింది. ఒకరి నుంచి ఒకరికి తువ్వాళ్ళ ద్వారా, పక్కబట్టల ద్వారా, ఒంటికి ఒళ్ళు తగలడం ద్వారా అంటుతుంది. ఇది చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చే రోగం కాదని కూడా తానుగానే చెప్పింది. ఎన్ని కాపురాల్లో ఈ అనుమానం నిప్పు పెట్టిందో ఆవిడకు తెలుసు కాబోలు.

తరువాత నా ట్యూబు చూపించమంది. సంచిలో ఉంది, తీసి ఇచ్చాను. వెనక వైపు సన్న అక్షరాలు చూపించి, ఇందులో బూజును చంపే మందు కొంచెం ఉంది, సూక్ష్మక్రిములకు ఒకటి ఉంది, వాటితోపాటు గట్టి స్టిరాయిడు ఉంది అంది. దురద తగ్గించినది ఆ స్టిరాయిడే. ఎరుపూ మంటా దురదా అనేవి మన ఒళ్ళు ఆ బూజుతో చేసే యుద్ధం. స్టిరాయిడు ఆ యుద్ధాన్ని ఆపుతుంది, బూజును ఆపదు. "దొంగ వచ్చాడని కుక్క మొరుగుతుంటే, కుక్క మూతి కట్టేసి పడుకున్నారు కాకూ" అంది. ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ట్యూబు చేసిన ఇంకో పని అద్దంలో చూపించింది. తొడల లోపలి వైపు, గజ్జల దగ్గర, ప్రసవం తరువాత పొట్ట మీద పడే చారల వంటివి పడ్డాయి. చర్మం ఉల్లిపొర మాదిరి పలచబడి, లోపలి రక్తనాళాలు కనిపిస్తున్నాయి. తామర పోతుంది, ఈ చారలు మాత్రం పోవు అంది. పోలేదు, ఇప్పటికీ ఉన్నాయి. గజ్జల వంటి మడతల్లో చర్మం పలచన, మందు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుచేత అరచేతి మీద రాసినదానికీ అక్కడ రాసినదానికీ పోలికే లేదు. పసిపిల్లల విషయం మరీ జాగ్రత్త. డైపరు క్రింద రాసిన స్టిరాయిడు మూత పెట్టి ఉడకబెట్టినట్టే, ఇంకా లోపలికి పోతుంది. మా కోడలు నా చెయ్యి పట్టుకుని ఆపినది అందుకు. ఆమెకు శాస్త్రం తెలిసి కాదు, తల్లి గనుక.

ట్యూబు మీద ఏముందో చదువుకోవడం మీరూ నేర్చుకోండి. బెటామెథసోన్, బెక్లోమెథసోన్, డెక్సామెథసోన్, మొమెటసోన్ - ఇలా చివర "సోన్" అని వచ్చేవీ, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అనేవీ కనబడితే అది స్టిరాయిడు. మన కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు, మనవల చేత చదివించండి. ఇటువంటి పూతమందుల విచ్చలవిడి అమ్మకం మీద మన దేశపు చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొత్తుకుంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం పధ్నాలుగు రకాల స్టిరాయిడు పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే పట్టికలోకి మార్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించింది, వాటిలో ఇటువంటి కలగలుపు పూతమందులు కూడా కొన్ని ఉన్నాయి. చట్టం వచ్చిన తరువాత కూడా నా ట్యూబు నాకు చీటీ లేకుండానే దొరికింది. షాపు అబ్బాయిని ఒక్కణ్ణే అని ఏం లాభం, అడిగి కొన్నది మేము.

పాత రోజుల్లో తామర మామూలు మందుకు రెండు మూడు వారాల్లో తగ్గేదట. గత పది పన్నెండేళ్ళుగా మన దేశంలో మొండి రకం వ్యాపించింది. 2020లో జపాను శాస్త్రజ్ఞులు, భారతదేశం నుంచీ నేపాలు నుంచీ వచ్చిన రోగులలో దొరికిన ఈ బూజుకు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు దానికి అంటుకుంది! తామరకు ఎప్పటి నుంచో వాడే టెర్బినఫిన్ అనే మందుకు ఇది చాలామందిలో లొంగడం లేదు. 2023లో అమెరికాలో న్యూయార్కులో ఇద్దరు స్త్రీలలో ఇది బయటపడితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ప్రకటన చేయవలసి వచ్చింది. నా వైద్యం అయిన తరువాత, మామూలుగా చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మే ఇవన్నీ చెప్పింది. స్టిరాయిడు కలిపిన ట్యూబులు ఇష్టం వచ్చినట్టు వాడడం ఈ మొండితనం పెరగడానికి ఒక కారణమని వైద్యులు అంటున్నారు.

వైద్యం మాటకు వస్తే, ట్యూబు మానేయమంది, మానేశాను. మొదటి పది రోజులు నరకం. దురద రెట్టింపు అయింది. ముందే చెప్పింది గనుక ఓర్చుకున్నాను, చెప్పకపోతే పరుగెత్తుకుంటూ వెళ్ళి ఇంకో ట్యూబు కొనేదాన్నే. దురద ఆగడానికి రాత్రి ఒక మాత్ర ఇచ్చింది. బూజుకు ఇట్రకోనజోల్ అనే గొట్టం మాత్రలు, స్టిరాయిడు లేని పూతమందు. మాత్ర భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. నాకు ప్రొద్దున్నే ఎసిడిటీ మాత్ర వేసుకునే అలవాటు, అది వేసుకుంటే ఈ మాత్ర సరిగా ఒంటబట్టదు అని ఆ అలవాటు గురించి అడిగి మరీ మార్పించింది. గుండె జబ్బు ఉందా, కొలెస్ట్రాలు మాత్రలు వేసుకుంటున్నారా అని కూడా అడిగింది, ఆ మందులకూ దీనికీ పడదట. కోడల్ని మాత్రం నన్ను బయట కూర్చోమని, నెల తప్పిందా అని అడిగాకే మాత్రలు వ్రాసింది. పిల్లకు పూతమందు ఒక్కటే. కాబట్టి నా చీటీ చూసి మీరు మాత్రలు కొనుక్కోకండి.

పూతమందు మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పున చుట్టూ రాయాలి. మచ్చ పోయినట్టు కనిపించిన తరువాత కూడా రెండు వారాలు రాయాలి. మావారికీ ఉందని అప్పుడే బయటపడింది. ఆయన నాలుగో వారానికే "తగ్గింది గదా" అని మానేశారు, ఆరో వారానికి మళ్ళీ మొదటికి వచ్చారు. అందరికీ పూర్తిగా తగ్గేసరికి నాలుగు నెలలు పట్టింది.

మందుల కంటే కష్టమైనవి ఇంటి అలవాట్లు. "కాకూ, లోపలి బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ. నాకు నవ్వు వచ్చింది. ఎక్కడ ఆరేస్తాం? స్నానాల గదిలో తాడు మీద. బయట వేయవలసి వస్తే చీర మడత క్రింద, ఎవరికీ కనబడకుండా. పదమూడో ఏట మా అమ్మ నేర్పింది, మా అమ్మకు వాళ్ళ అమ్మ. మగవాళ్ళ బనీన్లు వాకిట్లో జెండాల్లా ఎగురుతుంటాయి, మనవి మాత్రం నీడలో, చెమ్మలో, ఒక్కోసారి సగం తడితోనే ఒంటి మీదికి. షోలాపూరు ఎండ మనుషులను మాడుస్తుంది గానీ ఆ బట్టలకు మాత్రం నలభై ఏళ్ళలో ఒక్కనాడు తగలలేదు. రోగమున్న వాళ్ళ బట్టలు విడిగా, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టి ఉతకమంది. అరవై డిగ్రీల వేడి ఉంటేనే బూజు చస్తుందట. తిరగేసి ఎర్రటి ఎండలో ఆరెయ్యాలి, కుట్ల మీద ఇస్త్రీ పెట్టాలి.

మేడ మీద తాడు కట్టించాను. మొదటి రోజు పక్కింటి మేడ నుంచి ఎవరు చూస్తారోనని తాడు దగ్గరే కాపలా కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. ఎవరి పని వాళ్ళది.

తువ్వాళ్ళ సంగతి చెబితే నవ్వుతారు. షోలాపూరు దుప్పట్లకూ తువ్వాళ్ళకూ దేశమంతా పేరు, మా షెడ్డులో రోజుకు ఎన్ని దిగుతాయో. మా ఇంటిల్లిపాదికీ మాత్రం స్నానాల గదిలో రెండే తువ్వాళ్ళు, ఎవరు ముందు వెళితే వారిది పొడిది. అమ్మకానికి పనికిరాని రకం తెచ్చి ఆ రెండూ చిరిగేదాకా వాడేవాళ్ళం. ఇప్పుడు మనిషికి రెండు. అంచున రంగు దారంతో గుర్తు కుట్టాను. నాది పసుపు, మావారిది నలుపు, అబ్బాయిది నీలం, కోడలిది ఎరుపు, పిల్లది ఆకుపచ్చ.

మొలతాడు దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. మావారి నడుముకు చుట్టూ మచ్చ సరిగ్గా మొలతాడు వెంబడే ఉంది. ఆ నల్లదారం ఏళ్ళ తరబడి మారలేదు, చెమటా సబ్బూ తాగి గట్టిపడిపోయింది. తీసేయమంది డాక్టరమ్మ. ఆవిడకు తెలియదు, మనవాళ్ళలో బ్రతికుండగా మొలతాడు తియ్యడమంటే ఎంత అశుభమో. మా అత్తగారు అప్పటికి ఉన్నారు, ఎనభై నాలుగేళ్ళు. "నా కడుపు మీద కొడతావా" అని నా మీద ఏడ్చింది. మావారు తల్లి మాట జవదాటరు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆఖరికి దారి చూపినది కూడా ఆ పెద్దావిడే. వెండిది చేయిస్తే కడిగి తుడుచుకోవచ్చు గదా, మన తాతలు కట్టుకున్నది వెండిదే గదా అంది. కంసాలి దగ్గర వెండి మొలతాడు చేయించి, అది కట్టిన తరువాతనే పాత దారం తెంచాం. పిల్ల నడుము దారం నెలకొకసారి మార్చి కొత్తది కట్టేవాళ్ళం. శాస్త్రం నిలిచింది, మచ్చ పోయింది.

ఇక బరంపురం సోదరికి. అమ్మా, మీది నా వంటిదే అని నేను ఎలా చెప్పను? ఆ చోట దురద తెప్పించేవి చాలా ఉన్నాయి. షుగరు ఉన్న స్త్రీలకు లోపల మంటా, పెరుగు విరిగినట్టు తెల్లబట్టా, దురదా రావచ్చు. అది వేరే రకం బూజు. ఆ మధ్య నుంచి షుగరుకు వాడుతున్న డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి, అవి వేసుకునేవారికి ఈ బాధ ఎక్కువగా వస్తుంది. అలా వస్తే మాత్ర మీరే మానేయకండి, షుగరు డాక్టరుకు చెప్పండి. సబ్బు పడక, ప్యాడు పడక కూడా దురద వస్తుంది. ముట్లు ఆగిన వయసులో తెల్లని మచ్చలతో, చర్మం ముడతలు పడి, ఏళ్ళ తరబడి దురద పెట్టే జబ్బు ఇంకొకటి ఉంది, లైకెన్ స్క్లెరోసస్ అంటారు. దాన్ని అశ్రద్ధ చేస్తే ఆ భాగం మూసుకుపోవచ్చు, కొద్దిమందిలో క్యాన్సరుగా మారవచ్చు. వింత ఏమిటంటే, దానికి మందు గట్టి స్టిరాయిడే, నన్ను పాడు చేసిన ఆ క్లోబెటసాలే! డాక్టరు చూసి, ఇంతే, ఇన్నాళ్ళే అని చెప్పి వాడిస్తే అది మందు. అందువల్ల నా కథ చదివి స్టిరాయిడు అంటే భయపడి, డాక్టరు ఇచ్చినది పారేయకండి కూడా. చూపించుకుంటేనే తెలుస్తుంది ఏదో.

మీ ఊళ్ళోనే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది గదా. చర్మ విభాగంలో చూపించుకోండి. లేడీ డాక్టరు కావాలని అడగండి, పక్కన నర్సు ఉండాలని అడగండి, అడిగితే తప్పు లేదు. ఇంతవరకూ వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని వెళ్ళండి. కొన్నాళ్ళు ఏ పూతమందూ రాయకుండా వెళితే పరీక్షలో బూజు స్పష్టంగా తెలుస్తుంది. నోట మాట రాకపోతే, నాకు వ్రాసిన ఆ నాలుగు వాక్యాలే కాగితం మీద వ్రాసి డాక్టరు ముందు పెట్టండి. బాగా వ్రాశారు, అందులో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

మా కోడలి మాట మిగిలింది. ఆ రోజు డాక్టరు దగ్గర నుంచి ఆటోలో వస్తుంటే, పిల్ల మా ఇద్దరి మధ్య నిద్రపోతోంది. "నాదే బిడ్డా, నా నుంచే నీకు అంటింది" అన్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ, "నాకు తెలుసు అత్తమ్మా" అంది. అంతే. పుట్టింటిని అన్న మాటకు మన్నించమని అడగడానికి నాకు ఇంకా ఏడాది పట్టింది. వాళ్ళ అమ్మగారి ఎదుటనే అడిగాను. ఆవిడ "పోనీ వదినా" అని వెంటనే చాయ పెట్టడానికి లేచింది. కోడలు మాత్రం లేవలేదు, నా పక్కనే కూర్చుంది.

ఈ శీర్షిక శుభ్రంగా వ్రాసి పంపేది ఆమే. ఇది చదివి రెండు చోట్ల తప్పులు దిద్దింది. "పిరుదుల మీద" అనే మాట తీసేద్దామా అని నేను అడిగితే, ఉండనివ్వమంది. తన పేరు మాత్రం వేయవద్దంది, వేయలేదు.

వచ్చే సంచిక ఎండాకాలంలో వస్తుంది. హోసూరు అమ్మగారి ఇంగువ వడియాలు చేసి చూస్తాను, ఎలా కుదిరాయో చెబుతాను.